గొడ్డలి నుండి కోతమిషను దాక: మన ఊళ్ళ వంటచెఱకు చరిత్ర

ఈ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని సంచికా సంఘమువారు కోరినప్పుడు, ఏ కోటను గూర్చియో ఏ గుడిని గూర్చియో వ్రాయుదునని వారు తలచి యుందురు. కాని గత వేసవిలో మన పఠనమందిరమున జరిగిన చిన్న సంభాషణ నా మనస్సును వేఱొక త్రోవను బట్టించినది. చందాదారులలో ఒక రైతు ప్రకటన కాగితమొకటి తెచ్చి నా ముందు పఱచి, "ఆరు వేలకే వస్తదంటున్నరు సారూ, కొనమంటరా?" అని యడిగెను. అది పెట్రోలుతో నడచు గొలుసు రంపము. మన ఊళ్ళలో దానిని కోతమిషనని పిలుచుచున్నారు. నేను పాఠములు చెప్పినవాడనే గాని మిషనులు విప్పినవాడను గాను. ఆ పూట ఏదో చెప్పి పంపితిని. కాని సమాధానము వెదకబోయిన కొలది ఆ ప్రశ్న వెనుక మూడు తరముల చరిత్ర కానవచ్చినది.

కోటలు కట్టించిన రాజుల పేర్లు మనకు తెలియును. ఆ కోటలలో అన్నము వండుటకు కట్టె లెవరు కొట్టిరి, వారికి కూలి యేమి ముట్టెను అను సంగతులను శాసనములు చెప్పవు. పొయ్యిలో కాలిన కట్టె బూడిదగును. ఆ బూడిద గిన్నెలు తోముటకు పోవును. చరిత్రకారునికి మిగులున దేమియు లేదు. అందుచేత ఈ వ్యాసమున కొంత పుస్తకములలో చూచినది, కొంత పెద్దలవలన విన్నది, కొంత కంటితో చూచినది కలిసి యున్నది.

నేడు మనము జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అని మూడు జిల్లాలుగా చెప్పుకొను ప్రదేశము 2016 అక్టోబరు 11వ తేదీన ఈ రూపము దాల్చినది. అంతకు ముందు ఇందులో అధికభాగము వరంగల్లు జిల్లాలోనిది. మహాదేవపూర్, కాటారము వైపు ఊళ్ళు కరీంనగరమునుండి వచ్చి భూపాలపల్లిలో చేరినవి. జనగామ తాలూకా నిజాము కాలమున నల్లగొండ జిల్లాలో నుండెను. ఈ సరిహద్దుల మాట యెట్లున్నను, వంటచెఱకు విషయమున ఈ మూడును మూడు వేఱువేఱు లోకములు. జనగామ మెట్టనేల. అచట అడవి యని చెప్పదగినది దాదాపు లేదు. గట్లమీది తుమ్మ, వేప, చెలకలలోని మోదుగ, కందికట్టె, పత్తికట్టె, పిడకలు, ఇవియే అచటి పొయ్యికి ఆధారము. మానుకోట యని మన పెద్దలు పిలిచెడి మహబూబాబాదు సగము మెట్ట, సగము అడవి. గూడూరు, కొత్తగూడ వైపు పాకాల అడవి ప్రారంభమగును. భూపాలపల్లి దాటి మహాదేవపూర్, పలిమెల చేరితిమా, గోదావరి యొడ్డు దాక టేకు, నల్లమద్ది, తునికి, ఏగి చెట్ల రాజ్యమే. ఒకచోట కట్టె దొరకుటయే కష్టము. ఇంకొకచోట కట్టె కంటి ముందున్నను దానిని ముట్టుట కష్టము.

పనిముట్లలో మొదటిది గొడ్డలి. ఉత్తర తెలంగాణమున పెక్కు ఊళ్ళ పొలిమేరలలో ఇనుపచిట్టెము దిబ్బలు నేటికిని కానవచ్చును. అవి పూర్వకాలమున రాయి కరగించి ఇనుము తీసిన కొలుముల గుర్తులు. ఆ కొలుములకు కట్టెబొగ్గే ఆహారము. గొడ్డలికి ఇనుము కావలెను, ఇనుమునకు బొగ్గు కావలెను, బొగ్గునకు చెట్టు కావలెను, చెట్టు కొట్టుటకు మరల గొడ్డలి కావలెను. ఈ చక్రము తిరిగినంత కాలము ఊరి కమ్మరి కొలిమియే గొడ్డలి దుకాణము. రైతు ఇనుము తెచ్చి యిచ్చెడివాడు, లేదా పాత పనిముట్టును కరగింపించెడివాడు. కమ్మరి సాగగొట్టి వాదర దీసి యిచ్చెడివాడు. వడ్లవాడు కామ దొడిగెడివాడు. దీనికి రొక్కము కాక పంటకళ్ళమున గింజలు కొలిచి యిచ్చుట ఆచారము. కామ విరిగినచో ఆ సాయంత్రమునకే క్రొత్త కామ పడెడిది. పనిముట్టును బాగుచేయువాడు పిలుపు దూరములో నుండుట యెంత సౌకర్యమో గమనింపుడు. ఈ మాట మరల వచ్చును.

కట్టె కొట్టుటలోని నేర్పును గూర్చి ఒక మాట చెప్పకుండ ముందుకు పోలేను. తుమ్మమొద్దు ఎండినదా రాతివంటిది, గొడ్డలి దానిమీద ఎగిరిపడును. అందుచేత పచ్చిగా నున్నప్పుడే నఱికి, చీల్చి, పిదప ఎండబెట్టెడివారు. చింతమొద్దును ఇనుప సీలలు దిగగొట్టి చీల్చెడివారు. మృగశిర కార్తె రాకముందే కట్టె యంతయు వసారాలో చేరవలెను. వాన మొదలైన తరువాత తడికట్టె ఊదలేక పొగలో కండ్లు పోగొట్టుకొన్న ఇల్లాండ్రెందరో. కట్టె కొట్టుట మగవాని పని యని చెప్పుదురు గాని, అడవినుండి మోపు తలమీద మోసితెచ్చిన వారిలో స్త్రీలే యెక్కువ.

ఇక ఈ చరిత్రలో చేదైన భాగమునకు వచ్చుచున్నాను. జనగామ తాలూకాలో దేశముఖుల గడీలు ఎట్లుండెనో మన ప్రాంతమువారికి వేఱుగా చెప్పనక్కరలేదు. గడీలో పెండ్లి జరిగినను, దినము జరిగినను, అధికారి విడిది చేసినను ఊరివారు వెట్టికి పోవలెను. కట్టె కొట్టి తెచ్చి గడీలో వేయుట ఆ వెట్టిలో ఒక భాగము. దాని బరువు దళితవాడలమీద ఎక్కువగా పడెను. కమ్మరి, వడ్రంగి పనిముట్లను ఊరకే చేసి యీయవలెను. లెక్క వేసి చూడుడు. గొడ్డలికి వెల లేదు, దానిని పట్టిన చేతికి కూలి లేదు, మోసిన తలకు కూలి లేదు. గడీ పొయ్యిలో మండిన కట్టె లోకమున కెల్ల చౌకయైన కట్టె. కాని దాని ఖర్చు ఎవరో ఒకరు చెల్లించుచునే యుండిరి, రూపాయలలో కాక ఒంటితో చెల్లించిరి. పనిముట్టు వెలను మాత్రమే చూచి కట్టె ఖర్చు తెలిసికొన్నా మనుకొనువారు ఈ సంగతిని మఱచుచున్నారు.

1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము గ్రంథాలయములు పెట్టించుటను, వెట్టిని ఎదిరించుటను కలిపి చేపట్టెను. పుస్తకము చదివినవాడు వెట్టికి పోనని చెప్పుట నేర్చునని ఆనాటి పెద్దలకు తెలియును. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము మన ప్రాంతమున కీ దారి చూపినది. మన చిన్న గ్రంథాలయము కూడ ఆ వంశములోనిదే యని చెప్పుకొనుట అతిశయోక్తి కాదనుకొందును. తరువాత ఆంధ్రమహాసభ సంఘములు ఊరూర వెలసెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను గడీకి పోనీయక నిలిచెను. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండ్లకు బలియయ్యెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడునప్పటికి మఱి ఏమి మిగిలినను మిగులకున్నను, గడీకి ఊరకే కట్టె మోయుట మాత్రము మరల రాలేదు.

గడీ పోయినను జంగ్లాతు పోలేదు. నిజాము సర్కారు అడవులను కట్టడి చేసి, ఏ చెట్టు కొట్టవచ్చునో ఏది కొట్టరాదో నిర్ణయించి కావలి పెట్టెను. 1355 ఫసలీ నాటి, అనగా 1945-46 నాటి, హైదరాబాదు అడవి చట్టము ఈ కట్టుబాట్లలో చివరిది. దాని స్థానమున 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చినది. జంగ్లాతు జవాను ఎదురైనచో మోపు క్రింద పడవేసి పరుగెత్తుట, గొడ్డలి గుంజుకొన్నాడని ఇంటికి వచ్చి యేడ్చుట మా చిన్ననాటి వరకును విన్న కథలే. అడవి నఱకుడు పోవుచుండగా కావలి యక్కరలేదని నేనను టలేదు. కాని రైలుకు, గనికి బండ్లకొలది కలప కదలిపోవు దారిలోనే తలమోపుదారు పట్టువడుట చూచినవారికి చట్టముమీద గౌరవ మెట్లు కలుగును?

రైలు మాట వచ్చినది గనుక చెప్పవలెను. నిజాము రైలుదారి 1886లో వరంగల్లు చేరెను, 1888 నాటికి డోర్నకలు మీదుగా ఇల్లెందు బొగ్గుగనులకు పోయెను, 1889లో బెజవాడతో కలిసెను. ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో విలియం కింగు కనిపెట్టి యుండెను. రైలింజను బొగ్గు తినెను గాని పట్టాల క్రింద స్లీపర్లకు, గనులలో పైకప్పు నిలుపు దుంగలకు అడవి కలపయే కావలసివచ్చెను. ఈ పనులకు గొడ్డలి చాలదు. ఇద్దరు చెరియొక కొన పట్టి లాగెడి పెద్ద రంపములు, గుంట త్రవ్వి ఒకడు పైన, ఒకడు క్రింద నిలిచి దూలము కోసెడి కోతగాండ్రు అప్పుడు ముఖ్యులైరి. రంపము కలప పనిముట్టే గాని కట్టె పనిముట్టు గాదని గుర్తుంచుకొనవలెను. పొయ్యి కట్టెకు రంపము పట్టెడివాడు ఆనాడు నవ్వులపాలగును. పల్లెలో రంపమున్న ఇల్లు వడ్లవానిదే. తరువాత పట్టణములలో సామిల్లులు వెలసెను, 1969లో వాటికి నియమములు వచ్చెను. జనగామ, మానుకోట స్టేషన్ల చెంత కట్టెల అడితులలో బండికట్టె తూచి యమ్మెడి కాలమును ఎఱిగినవారు ఇప్పటికిని కలరు.

ఇంతకును ఈ గొలుసు రంపము ఎచటినుండి వచ్చినది? దాని పుట్టుక విన్నవారికి ఒడలు జలదరించును. 1780ల ప్రాంతమున స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులు, కష్టకాన్పులలోను కుళ్ళిన కీళ్ళను తీసివేయు శస్త్రములలోను ఎముకను కోయుటకు, పండ్లుగల చిన్న గొలుసును చేతులతో ఇటునటు లాగి వాడిరి. చెట్టును కోయు గొలుసునకు పూర్వజన్మము అదియే. మోటారు జోడించి చెట్టుమీదికి తెచ్చిన వారిలో జర్మనీ దేశీయుడైన ఆండ్రియాస్ స్టీల్ ముఖ్యుడు. ఆతడు 1926లో కరెంటుతో నడచు రంపమును చేసెను. అది 64 కిలోల బరువు, ఇద్దరు మోయవలెను. 1929లో పెట్రోలు రంపము వచ్చెను, అదియు 46 కిలోలు. ఒక్కడు పట్టదగిన 16 కిలోల రంపము 1950లో గాని రాలేదు. ఆ యేడు మన జనగామ తాలూకాలో పోరాట మింకను సాగుచుండెనని తలచుకొన్నచో కాలము ఎన్ని పోకల పోవునో తెలియును.

గొలుసు పండ్ల కథ ఇంకను వింత. అమెరికాలో ఓరిగన్ ప్రాంతమున జోసెఫ్ కాక్స్ అను కట్టెకోతగాడు 1946లో ఒక మోడుమీద పురుగును చూచెను. అది పచ్చికట్టెను కుడికిని ఎడమకును మార్చి మార్చి కొఱుకుచు సులువుగా తొలుచుకొని పోవుచుండెను. ఆతడు ఆ పురుగు దౌడల పోలికనే గొలుసునకు ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకు వంగునట్లు చేసి 1947లో అమ్మకము మొదలుపెట్టెను. నేడు మన సంతకు వచ్చు మిషనులన్నిటి గొలుసును ఆ పురుగు బిడ్డయే. స్వీడనులో 1689లో తుపాకుల కర్మాగారముగా పుట్టిన హస్క్‌వర్నా 1959లో ఈ రంపముల వ్యాపారమున దిగెను. 1970ల తొలి యేండ్లలో గొలుసును క్షణములో ఆపు బ్రేకు వచ్చెను. అంతకు ముందు ఈ మిషను పట్టినవారిలో ఎందఱి ముఖములమీద గాట్లు మిగిలెనో గదా!

మన ప్రాంతమున ఈ మిషను చాల ఆలస్యముగా, మఱొక పంట వెంట వచ్చినది. మహబూబాబాదు, ఖమ్మము వైపు కాగితపు మిల్లుల కొఱకు జామాయిలు తోటలు పెరిగెను. వాటి కోతకు ముఠాలు మిషనులతో దిగెను. ముఠాలో పనిచేసిన పిల్లవాడు ఊరికి వచ్చి, కూలికి మిషను త్రిప్పుట మొదలుపెట్టెను. చెఱువుకట్టలమీద, బీళ్ళలో దట్టమైన సర్కారుతుమ్మ అతనికి చేతినిండ పని యిచ్చెను. ముండ్ల గుబురులోనికి దూరి గొడ్డలి ఎత్తుట ప్రాణసంకటము గనుక మిషను మేలనిపించినది.

వింత యేమనగా, కట్టె కోయు మిషను వచ్చునప్పటికి కట్టె పొయ్యి వెనుకకు తగ్గుచుండెను. 1999లో దీపం పథకమున మహిళాసంఘములవారికి గ్యాసు కనెక్షనులు వచ్చెను. 2016లో ఉజ్వల వచ్చెను. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వము అయిదువందలకు సిలిండరు పథకమును మొదలుపెట్టెను. భూపాలపల్లి బొగ్గు చెల్పూరున 1,100 మెగావాట్ల కరెంటుగా మారుచున్నది. అయినను స్నానపు నీళ్ళ కాగు క్రింద, పెండ్లి వంటలో, బోనాల నాడు, సిలిండరు నిండుకొన్న నెలాఖరున మరల కట్టెయే దిక్కు. పొయ్యి చిన్నదైనది, ఆరిపోలేదు. అందుచేతనే ఆ రైతు ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు.

ఇక ఏ మిషను కొనవలెను? నేను మెకానిక్కులను, కోతగాండ్రను విచారించి తెలిసికొన్నది వ్రాయుచున్నాను. సంతలో ఆరేడు వేలకు దొరకునవి పేరూరు లేని మిషనులు. యాభై ఎనిమిది సి.సి. ఇంజనని పెద్ద అక్షరములతో వ్రాసి యుండును. పేరుగల కంపెనీల చిన్న మిషను ముప్పది రెండు సి.సి. మాత్రమే. వెల ఇరువది వేలకు అటునిటు. అంకె పెద్దది, వెల చిన్నది, ఇంక ఆలోచన యెందుకని తోచుట సహజము. కాని ఇంటి కట్టె అడుగు మందమును దాటుట అరుదు. దానికి పదునాలుగు, పదునాఱు అంగుళముల బారు చాలును. గొలుసు తిరుగు పొడవాటి పలకను బారందురు. అంతకన్న మందమైన మొద్దును రెండు వైపులనుండి కోయవచ్చును. పెద్ద ఇంజనుతో పాటు బరువును పెరుగును. నాలుగు కిలోల మిషనును గంటసేపు పట్టినవాని చేయి స్థిరముగా నుండును. ఆరేడు కిలోలది పట్టినవాని చేయి వణకును. వణకెడి చేతిలో తిరిగెడి గొలుసును తలచుకొనుడు.

తక్కువ వెల వన్నియు పనికిరానివని నేను చెప్పను. ముఠాలో రోజూ విప్పి బిగించుట తెలిసినవాడు వాటితోనే బ్రతుకుచున్నాడు. మా దగ్గఱి చుట్ట మొకడు అట్టిది కొని, నెల తిరుగకముందే కార్బొరేటరు చెడగా, అమ్మినవాడు సామాను లేదని చేతులెత్తినందున దానిని గొడ్ల కొట్టములో వ్రేలాడదీసినాడు. ఇచ్చటనే పాత కమ్మరి జ్ఞప్తికి వచ్చుచున్నాడు. విరిగిన కామను సాయంత్రమునకు వేసియిచ్చువాడు ఊరిలో నుండుట గొడ్డలి చౌకదనములో సగము. మిషను కొనబోవువాడు వెల అడుగుటకు ముందు, దాని గొలుసు, బారు, ప్లగ్గు, త్రాడు జనగామలోనో మానుకోటలోనో భూపాలపల్లిలోనో ఏ దుకాణమున దొరకును, ఎవరు బాగుచేయుదురు అని యడుగవలెను. జవాబు రాని మిషను ఎంత చౌకయైనను ఖరీదైనదే.

రెండవది బ్రేకు. ముందు పిడికి ఎదురుగా అడ్డుపలక యొకటి యుండును. దానిని ముందుకు నెట్టినచో గొలుసు టక్కున ఆగవలెను. దుకాణములోనే ఆడించి చూడవలెను. బారు కొన పైభాగము కట్టెకు తాకినప్పుడు మిషను ఒక్కసారిగా కోయువాని ముఖముమీదికి ఎగయును. కన్ను మూసి తెఱచునంతలో జరుగు ఆ దెబ్బను ఆపునది ఆ బ్రేకే. అది లేని మిషను, ఉన్నను పనిచేయని మిషను ఊరక యిచ్చినను తీసికొనరాదు. పంచె కట్టుకొని, భుజమున తుండుగుడ్డ వేసికొని మిషను పట్టుట మన కలవాటు. గొలుసునకు గుడ్డ యనిన ప్రీతి యెక్కువ. భుజముకన్న ఎత్తున కోయుట, నిచ్చెనమీద నిలిచి కోయుట, గాజు మిద్దె లేని కండ్లతో కోయుట అను మూడును మానుకొనవలెను. ఇక ఇండ్ల గోడలు కోయు గ్రైండరునకు గొలుసు బిళ్ళను తగిలించి కట్టె కోయుట ఈ మధ్య కొందఱు నేర్చినారు. కొన్ని వందలకే దొరకు ఆ బిళ్ళకన్న భయంకరమైన పనిముట్టు నేను వినలేదు. దానికి బ్రేకు లేదు, బారు లేదు, గ్రైండరు వేగము గొలుసునకు పనికివచ్చు వేగము కాదు.

ఇంటి పెరటిలో ఏడాదికి రెండు మూడు దినములు మాత్రమే కోయువానికి పెట్రోలు మిషనే అవసరమా యని నా సందేహము. కరెంటు మిషను అయిదారు వేలకు దొరకును. రెండు వేల వాట్ల మోటారు గనుక పదునాఱు ఆంపియర్ల ప్లగ్గు, దళసరి తీగ, ఎర్తు ఉండవలెను. వానలో ముట్టరాదు. పొలము గట్టుకు పనికిరాదు. కాని దానికి పెట్రోలులో నూనె కలుపు లెక్క లేదు. పెట్రోలు మిషనుకు లీటరునకు ఇరువది మిల్లీలీటర్లని కొన్ని కంపెనీలు, నలువది యని చౌక మిషనులవారు చెప్పుదురు. కాగితము చదువక ఉత్త పెట్రోలు పోసినచో పిస్టను పట్టివేయును. పని ముగిసిన తరువాత పెట్రోలు నిలువ ఉంచినచో, ఈనాటి పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది గనుక, కార్బొరేటరు పాడగును. ఏడాదికి రెండుమార్లు వాడు మిషనులు అరుగుటవలన కాక నిలువయుంచుటవలననే చెడునని మెకానిక్కు చెప్పెను. టాంకు ఖాళీచేసి, ఇంజను తనంత తాను ఆగువఱకు నడిపి పెట్టవలెనట. గొలుసునకు వేఱు నూనె కావలెను. ఆకురాయితో పదును పెట్టుట నేర్వవలెను. మట్టి తగిలినచో, లోపల మేకు దాగిన వేపమొద్దు దొరకినచో గొలుసు నిమిషములో మొండియగును. మొండి గొలుసుతో బలవంతముగా కోయుటయే సగము ప్రమాదములకు మూలమని కోతగాండ్ర మాట.

అసలు కొనుటయే వలదనుట కూడ ఒక సమాధానము. మిషను గలవానిని ఒక దినము కూలికి పిలిచినచో ఏడాది కట్టె కోసి వేసి పోవును. ఇరువది వేలు పెట్టి కొన్న మిషను ఇంటికి దండుగా పండుగా యని లెక్కింప దలచినవాడు, ఆ సొమ్ముతో ఎన్ని యేండ్లు కూలి యీయవచ్చునో ముందు లెక్కింపవలెను. నాలుగిండ్లు కలిసి మంచి మిషను నొకదానిని కొనుట ఇంకను మేలు. అయితే త్రిప్పువాడు ఒక్కడే యుండవలెను. నలుగురు త్రిప్పిన మిషనుకు నలుగురును సాకులు చెప్పుదురు.

చట్టమును మఱవరాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, ప్రకారము సొంత చెలకలోని చెట్టైనను అనుమతి లేక కొట్టరాదు. కొన్ని జాతులకు మినహాయింపు కలదు. ఏవేవియో అటవీ కార్యాలయమున విచారించియే మిషను మొదలుపెట్టవలెను. రిజర్వు అడవిలో మాట వేఱు. 1967 చట్టము క్రింద కలపతో పాటు పనిముట్టును బండిని గూడ జప్తు చేయుదురు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము గిరిజనులకును తరతరాలుగా అడవినే నమ్మి బ్రతుకువారికిని పొదకట్టెను, మోళ్ళను, వెదురును ఏరుకొను హక్కు నిచ్చినది. మొదట 2008 నియమములలో ఆ ఫలసాయమును తలమోపుగానో, సైకిలుమీదనో, తోపుడుబండిమీదనో మోయవలెనని వ్రాసిరి. 2012లో తగిన వాహనమేదైనను వాడవచ్చునని దిద్దిరి. అడవిలోనికి మిషను తీసికొనిపోవు హక్కు మాత్రము అందు లేదు. కొత్తగూడ, పలిమెల వైపు చదువరులు ఈ భేదమును బాగుగా తెలిసికొందురు గాక.

ఆ రైతు సంగతి చెప్పి ముగింతును. ఆతడు ఆరు వేల మిషను కొనలేదు. తన బావమఱదులతోను, ప్రక్కయింటి వారితోను కలిసి, నాలుగు కిలోల చిన్న పెట్రోలు మిషనును, రెండు గొలుసులను, కండ్లద్దములను తెచ్చినాడు. త్రిప్పుట నేర్చినవాడు చిన్న బావమఱది యొక్కడే. మొన్న ఉగాదికి ముందు గాలివానకు పడిన మామిడికొమ్మను ఒక్క పూటలో కోసి నాలుగిండ్లకు పంచుకొన్నారు. గొలుసు వాదర పోకుండ మట్టికి తాకించవద్దని ముసలి తండ్రి గట్టున కూర్చుండి కేకలు వేయుచుండెను. చిల్లరకొమ్మలను మాత్రము ఆయన ఎవరిని ముట్టనీయలేదు. తన పాత గొడ్డలి తెప్పించుకొని, కామ కొంచెము వదులైనదని సణుగుకొనుచు, తానే నఱికి మోపు కట్టెను.